టైరు పక్కనున్న అంకె



పోయిన నెల మా సంఘపు బండికి టైర్లు మార్చాం. టైర్ల మీద ఆత్మీయ వ్యాసం ఏమిటని నవ్వేవారు ఉంటారు, నవ్వండి. మేము ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఆ టైర్ల దగ్గరే ఉంది.

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి ఎక్కే ఘాటు రోడ్డు చూసినవారికి మా దారి కొంత తెలుసు. తారు ఉన్నంతవరకు ఏ బండైనా వస్తుంది. అక్కడి నుంచి లోపలి గూడేలకు మట్టి బాట, మధ్యలో రెండు గెడ్డలు, వానాకాలంలో చెప్పు పట్టుకు లాగేసే ఎర్రమట్టి. మాది ముందు రెండు వరుసల సీట్లు, వెనక తొట్టి ఉన్న పికప్. అందులో బియ్యం, కుర్చీలు, మైకు సెట్టు, జనరేటరు, మందిరాల కట్టుబడికి సిమెంటు మోశాం. జ్వరంతో ఉన్నవారిని మోశాం. రెండుసార్లు శవాన్ని ఇంటికి చేర్చాం.

కిందటేడు ఆగస్టులో పదహారు బస్తాల సిమెంటు వేసుకుని, ఆ బస్తాల మీద పదకొండు మందిని ఎక్కించుకుని కూడికకు వెళుతుంటే, ఒక మలుపులో వెనక ఎడమ టైరు పేలింది. బండి కొండ వైపుకు ఒరిగి ఆగింది. రెండో వైపు ఒరిగి ఉంటే ఈ వ్యాసం రాసేవారు ఉండేవారు కారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ తర్వాత మూడు సంఘాల్లో మేము సాక్ష్యం చెప్పాం: సువార్తకు అడ్డు రావాలని అపవాది టైరు పేల్చాడు, ప్రభువు బండిని కొండ వైపు నిలబెట్టాడు అని. రెండో మాట ఇప్పటికీ చెబుతాం. మొదటి మాట గురించే ఇదంతా.

పాత టైర్లు అరిగి గుండైపోయాయి. సంఘంవారు పసుపు అమ్మినవారు పసుపు డబ్బుల్లోంచి, కాఫీ అమ్మినవారు కాఫీ డబ్బుల్లోంచి కృతజ్ఞతార్పణ ఇచ్చారు. మాలో ఒకరికి పెద్ద టైర్ల మీద ఎప్పటినుంచో మోజు, ఎవరికో చెప్పనక్కరలేదు. లావుగా, గళ్లు గళ్లుగా, మట్టిని పట్టి లాగేలా ఉండే ఆల్ టెర్రైన్ టైర్లు. పాతవి 215/75 ఆర్15. మనసు పడ్డది 235/75 ఆర్15 మీద.

షాపు పెద్దాయన కాగితం మీద లెక్క వేసి చూపించాడు. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో నూటికి డెబ్బై అయిదు వంతులు టైరు గోడ ఎత్తు. 15 రిమ్ము అంగుళాలు. పాత టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు, కొత్తది 733. తేడా 30. అందులో బండి నేల నుంచి లేచేది సగమే, 15 మిల్లీమీటర్లు, అంటే వేలెడు మందం. దానికోసం స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుందేమో చూడాలి, రిమ్ము వెడల్పు సరిపోతుందో లేదో చూడాలి, స్టెప్నీ కూడా అదే సైజు కొనాలి. మీటరు 60 చూపిస్తే బండి 62కు పైనే పోతుంది. ఘాటు ఎక్కేటప్పుడు ఇంజనుకు ఆ మేరకు బరువు పెరుగుతుంది.

"అవన్నీ సరే పాస్టరు గారూ, మీరు మోసేదేటి? అది చెప్పండి ముందు" అన్నాడు.

సైజు పక్కన ఇంకో అంకె ఉంటుంది. ఇన్నేళ్లు బండి తుడిచాం, ఆ అంకెను కూడా తుడిచాం, చదవలేదు. పాత టైరు మీద 106/103 అని ఉంది. 106 అంటే కిలోలు కాదు, పట్టికలో చూస్తే ఒక్క టైరు 950 కిలోలు మోయగలదని. గీత తర్వాతి అంకె వెనక జంట టైర్లు వేసే బండ్లకు. మేము మనసుపడ్డ లావాటి టైరు మీద 104 ఉంది. అంటే 900 కిలోలు. చూడటానికి పెద్దది, మోసేది తక్కువ! ఒకటికి రెండుసార్లు వేలు పెట్టి చదివించాడు. ఆ బరువైనా గాలి పూర్తిగా ఉన్నప్పుడే.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ రోజు కూడా బండిలో పదహారు బస్తాలు ఉన్నాయి, ఇంకో ఊరి మందిరానికి. దగ్గర్లోని కాటా మీదకు వెనక చక్రాలు మాత్రం ఎక్కించి తూయమన్నాడు. 1,500 కిలోలు వచ్చింది. ఒక్కో టైరు మీద 750. పరవాలేదు. అప్పుడు ఆ ఆగస్టు రోజు గుర్తొచ్చింది. పదకొండు మంది, మనిషికి 50 వేసుకున్నా 550 కిలోలు. మొత్తం 2,050, ఒక్కో టైరుకు 1,025. బాట ఒక పక్కకు వాలినప్పుడు ఆ పక్క టైరు మీద ఇంకా ఎక్కువ. పైగా మట్టిలో పట్టు దొరకాలని ఆ పొద్దున మేమే గాలి తగ్గించాం. తారెక్కాక మళ్లీ కొట్టించలేదు. గాలి తక్కువైన టైరు గోడ బరువుకు నలిగి నలిగి వేడెక్కి పేలుతుందని పెద్దాయన మామూలుగా చెప్పాడు, రోజూ చూసేదే అన్నట్టు.

అపవాదికి ఆ రోజు మా బండి దగ్గర పనే లేదు.

సిగ్గు అయినా మోజు పోలేదు, అదీ చెప్పాలి. 235లోనే 109 అంకె ఉన్నది దొరుకుతుందని విని, 109 అంటే 1,030 కిలోలు కదా, మా 1,025కి సరిపోయింది కదా, అదే ఇవ్వండి అన్నాం. ఆయన కళ్లద్దాలు తీసి, "టైరు మారిస్తే ఇరుసు మారుద్దా? కమాన్లు మారతాయా? బ్రేకులు మారతాయా?" అన్నాడు. ఆర్‌సీలో బండికి రాసిన బరువు టైరుతో పెరగదు. మనుషులు ఎక్కవలసిన చోటు తొట్టి కాదని ఆ ఆర్‌సీ ఎలాగూ చెబుతూనే ఉంది.

తిరిగి వస్తూ సంఖ్యాకాండము 7వ అధ్యాయం మాట్లాడుకున్నాం. ప్రధానులు ఆరు బండ్లు, పన్నెండు ఎడ్లు తెచ్చి ఇస్తే మోషే లేవీయులకు పంచుతాడు. తెరలు, గుడారపు బట్టలు మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎడ్లు. పలకలు, స్తంభాలు, దిమ్మలు మోసే మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎడ్లు. కహాతీయులకు ఒక్కటీ లేదు, పరిశుద్ధమైనవి భుజాల మీద మోయాలి గనుక. ఎన్నోసార్లు చదివాం, వంతుల జాబితాలా దాటేశాం. ఎవరి బరువు ఎంతో తెలుసుకుని దానికి తగ్గ బండి ఇచ్చిన దేవుడు అక్కడ ఉన్నాడు. రెండు బండ్లలో అందరి సామానూ కుక్కి, పడకుండా ప్రార్థన చేయమనలేదు.

చివరకు పాత సైజే తీసుకున్నాం. 215/75, 106 అంకె, ఎనిమిది ప్లై, గళ్లు ఉన్నవి. తెప్పించడానికి పెద్దాయనకు రెండు వారాలు పట్టింది. మిగిలిన డబ్బు లెక్క సంఘానికి అప్పచెప్పాం. గాలి కొలిచే గేజి ఒకటి కొన్నాం.

ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి సాక్ష్యం సరిదిద్దాం. టైరు పేల్చింది సాతాను కాదు, మేము అని. మిమ్మల్ని ఇకమీదట తొట్టిలో ఎక్కించుకోలేం అని. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు బస్తాల మీద మనవరాలిని ఒళ్లో పెట్టుకు కూర్చున్న ముసలమ్మ లేచి, "సిమెంటు దింపేసి మమ్మల్నెక్కించండి అయ్యగారూ, సిమెంటుకి కూడికలెందుకు?" అంది. అందరూ నవ్వారు. మాకు జవాబు తోచలేదు. తారు వరకు వచ్చే ఆటోకు మనిషికి ఇచ్చే డబ్బు వాళ్లకు చిన్నది కాదు. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు నడక.

పోయిన వారం ముసలమ్మను, మనవరాలిని, నడవలేని మరో ఇద్దరిని సీట్లలో కూర్చోబెట్టుకున్నాం. తొట్టిలో కుర్చీలు, మైకు సెట్టు. కుర్చీలు ముందు చేరాయి, జనం తర్వాత గొడుగులేసుకుని నడిచి వచ్చారు. పదిన్నరకు మొదలవవలసిన ఆరాధన పన్నెండుకు మొదలైంది.