ఏరకుండా దాచిన మందులు

డబ్లిన్‌లో బెల్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని జాతీయ జానపద భాండాగారానికి నేను వెళ్లింది నాటుమందుల పేజీల కోసం. 1937 నుంచి 1939 దాకా దాదాపు 5,000 బడుల్లో చదివే 50,000 మంది పిల్లలు ఇంట్లో ముసలివాళ్లనీ ఇరుగుపొరుగునీ అడిగి రాసుకొచ్చిన రాతలవి. నెటిల్ మొక్క తగిలి ఒళ్లు మండితే డాక్ ఆకు రుద్దాలి. దగ్గుకు క్యారగీన్ అనే సముద్రపు నాచు పాలలో కాచి తాగాలి. పులిపిర్లకు రాతి గుంటలో నిలిచిన వాననీరు. కోరింత దగ్గొచ్చిన పిల్లను గాడిద పొట్ట కిందుగా మూడుసార్లు దాటించాలి! పనికొచ్చేదీ రానిదీ అన్నీ కలిసే ఉన్నాయి. అలా కలిసి ఉండటమే ఈ సేకరణ బలమని నా నమ్మకం.

వైద్యులు ముందే ఏరి, పనికొచ్చేవే దాచి ఉంటే మేలు కదా అనవచ్చు. ఏరేవాడు తన కాలానికి తెలిసిన కొలతతోనే ఏరుతాడు. ఈ బడుల సేకరణ పరిధికి బయట, ఉత్తర ఐర్లండ్‌లోని ఫెర్మానా కౌంటీలో బోహో అనే ఊరుంది. పంటినొప్పి లాంటి బాధలకు అక్కడి చర్చి శ్మశానపు మట్టిని గుడ్డలో కట్టి రోగి తలగడ కింద పెట్టుకుంటారు, తర్వాత తెచ్చి అక్కడే వేస్తారు. 1937 నాటి వైద్యుడు మొదట కొట్టేసేది దాన్నే. ఆ ప్రాంతపు మట్టిలో కొత్త రకం స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా దొరికిందనీ, మందులకు లొంగని కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను అది ప్రయోగశాలలో ఆపుతోందనీ 2018లో స్వాన్సీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. గాజుపళ్లెంలో సూక్ష్మజీవి చావడం వేరు, తలగడ కింది మట్టితో పంటినొప్పి పోవడం వేరు. ఆ మట్టి మందని నేననను. ఎక్కడ తవ్వాలో చెప్పింది మాత్రం ఊరివాళ్ల నమ్మకమే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది: ఇలాంటివి భద్రంగా దాస్తే మూఢనమ్మకానికి గౌరవం ఇచ్చినట్టు కాదా? కోరింత దగ్గు పిల్లల ప్రాణాలు తీసేది, దాన్ని అదుపు చేసింది టీకాయే తప్ప గాడిద కాదు. అయితే రాసిపెట్టడం వేరు, వాడమనడం వేరు. పైగా ఈ పేజీల్లో మందుతోపాటు మనిషీ ఉన్నాడు. ఏడో కొడుకుకీ, పెళ్లయినా ఇంటిపేరు మారని ఆడమనిషికీ ‘క్యూర్ ఉంది’ అంటారు, మన హస్తవాసి లాగే. చాలాచోట్ల డబ్బు తీసుకోకూడదు, కృతజ్ఞతలూ చెప్పకూడదు. డాక్టరు ఫీజు ఇచ్చుకోలేని తల్లి దగ్గే బిడ్డతో ఎవరి గడప తొక్కిందో, అక్కడ తన అప్పు ఏమీ మిగలకుండా ఊరు ఎలా చూసుకుందో ఈ నియమాల్లో కనిపిస్తుంది. మందుల జాబితాగా కుదిస్తే ముందు పోయేది ఇదే. చాలా పేజీల అడుగున రాసిన పిల్ల పేరు, చెప్పిన పెద్దమనిషి పేరు, ఊరు, వయసు ఉన్నాయి.