సముద్రం లేని రేవు

విశాఖపట్నంలో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ 2023లో ప్రారంభమైంది. పగలంతా ఊరు చూసి సాయంత్రానికి మళ్లీ ఓడెక్కేయడం క్రూయిజ్ ప్రయాణికుల పద్ధతి. ఊరికీ వాళ్లకీ పరిచయం ఆ కాస్సేపే.

హైదరాబాదు పాతబస్తీలోని కార్వాన్‌కు సముద్రం లేదు. అయినా ఒకప్పుడు ఓడ దిగినవాళ్లకు అదీ ఒక మజిలీయే! కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు మచిలీపట్నం. అక్కడ దిగిన సరుకు ఎద్దుల మీదా, బండ్ల మీదా మూడువందల కిలోమీటర్లకు పైగా లోపలికి రావాలి. బిడారులు ఆగిన చోటు గనకే ఈ పేటకు ఆ పేరు.

ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే 1652లో మచిలీపట్నంలోనే ఓడ దిగాడు. వజ్రాల బేరం ఒక పూటలో తేలేదా? రాయిని వెలుతురులో తిప్పి చూడాలి, దళారితో మాట్లాడాలి, అలిగి లేచిపోవాలి, మళ్లీ రావాలి. అందాకా మనిషికి నీడ కావాలి, ఎద్దుకు గడ్డీ నీళ్లూ కావాలి. సరాయిలు ఉన్నది అందుకే.

ఆ బిడారులు ఇప్పుడు లేవు. 1671 నాటి టోలీ మసీదు మాత్రం ఉంది. మక్కా మసీదు నిర్మాణానికి పెట్టిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ చొప్పున తీసుకుని మూసాఖాన్ దీన్ని కట్టించాడని చెప్పుకుంటారు. అందుకే దీనికి దమ్డీ మసీదనీ పేరు. పురానాపూల్ నుంచి గోల్కొండ వెళ్లే దారిలోనే ఉంది. కోట చూడబోయేవాళ్లలో ఇక్కడ దిగేవాళ్లు తక్కువే.