యాభై తూటాల లెక్క

సబ్బుతో ఎంత రుద్దినా నా చేతులకు గన్ ఆయిల్ వాసన పోదు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కినప్పుడు పక్క సీటాయన ఒకసారి ముక్కు ఎగబీల్చి "మెకానిక్కా అన్నా?" అని అడిగాడు. ఔనన్నాను. అబద్ధం కాదు కదా.

ఫౌజులో ఇరవై రెండేళ్లు చేశాను, మరమ్మతుల విభాగం ఈ.ఎం.ఇ.లో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా. పింఛను మీద వచ్చాక లైసెన్సున్న ఒక ఆయుధాల దుకాణంలో మరమ్మతు బల్ల దగ్గర కూర్చున్నాను. దుకాణం ఊరి నడిమధ్యలో ఉన్నా నన్ను వెతుక్కుంటూ వచ్చేది ఎక్కువగా మా వైపు వాళ్లే. దిల్‌సుఖ్‌నగర్ నగల దుకాణాల సేట్లు, ఎల్బీనగర్ రింగు రోడ్డు చుట్టూ ప్లాట్లు అమ్మేవాళ్లు, గోడౌన్ల ముందు డబుల్ బ్యారెల్ పట్టుకుని నిలబడే మాజీ సైనికులు. ఆదివారం ఇంటికి కూడా వస్తారు, సంచీలో చుట్టుకుని. ఇంట్లో నేను ఒక్క స్క్రూ కూడా విప్పను. మరమ్మతు లైసెన్సు దుకాణం చిరునామాకు ఇచ్చారు గానీ నా చేతులకు కాదు. చాయ్ తాగించి పంపిస్తాను.

2022 డిసెంబరు 1 రాత్రి నాగోలు స్నేహపురి కాలనీలో ఒక నగల దుకాణంలోకి దొంగలు చొరబడి, షట్టరు దించి, కాల్పులు జరిపి బంగారం ఎత్తుకుపోయారు. లోపలున్న వాళ్లకు తూటాలు తగిలాయి. మాకు కూతవేటు దూరం. ఆ వారంలోనే మా బల్ల ముందుకు ఆరుగురు వచ్చారు. అందరిదీ ఒకటే మాట: "చిన్నగుండాలె, చొక్కా కింద కనవడొద్దు." దొంగలకు లైసెన్సు అక్కర్లేదు. వీళ్లకు మాత్రం దరఖాస్తు, పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్, 2016 ఆయుధ నియమాల ప్రకారం భద్రతా శిక్షణ, అన్నీ కావాలి. ఆరుగురిలో ముగ్గురు ఫారం చూసే వెనక్కి పోయారు. పట్టుబట్టి నిలిచినవాడు ఒక్కడు, నల్గొండ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ సేటు. పేరు రాయను. ఆయన కొన్న పిస్తోలు తయారుచేసిన కంపెనీ పేరూ రాయను.

చిన్న పిస్తోలు కావాలంటే మన దగ్గర దొరకడమే ఒక కథ. 1980ల నడుమ నుంచి విదేశీ తుపాకుల దిగుమతి మామూలు పౌరుడికి మూతపడింది. 9 ఎం.ఎం., పాయింట్ 38, పాయింట్ 45 పౌరులకు నిషిద్ధ బోర్లు, అంటే గొట్టం కొలతలు. చేతి ఆయుధంలో మిగిలింది ముఖ్యంగా పాయింట్ 32, తర్వాత పాయింట్ 22. అందుకే ఎవరి తాతో కొన్న వాల్తర్ పీపీ, ఎవరి మామో దాచిన కోల్ట్ ఇప్పటికీ లక్షల్లో చేతులు మారుతున్నాయి. నా బల్ల మీదికొచ్చే పిస్తోళ్లలో కొన్ని నాకన్నా ముప్ఫై ఏళ్లు పెద్దవి. వాటిని విప్పినప్పుడు లోపలి గాడులు అద్దంలా ఉంటాయి. నిజం చెప్పాలంటే నాకు కాస్త అసూయ కూడా.

కొత్తవి రాక మానలేదు. 2014 జనవరిలో కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ నిర్భీక్ రివాల్వరు తెచ్చింది. టైటానియం మిశ్రలోహం, సుమారు 500 గ్రాములు, ధర దాదాపు 1.22 లక్షలు. ఆడవాళ్ల కోసమన్నారు, మెరూన్ మఖ్మల్ అతికించిన నగల పెట్టెలాంటి పెట్టెలో ఇచ్చారు. దానికి తోడు ఇషాపూర్ ఫ్యాక్టరీ నుంచి పాయింట్ 22 నిడర్, 250 గ్రాములే. 2021 అక్టోబరులో ఈ ప్రభుత్వ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు ఏడు కంపెనీలుగా విడిపోయాక, వాటిలో కాన్పూరు కంపెనీ 2023 ఆగస్టులో ప్రబల్ రివాల్వరు విడుదల చేసింది. ప్రైవేటు వాళ్లూ దిగారు. వెబ్లీ పేరుతో ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో రివాల్వర్లు తయారవడం మొదలైంది. 2024లో మన హైదరాబాదు లోకేశ్ మెషీన్స్‌కు 550 అస్మి మెషీన్ పిస్టళ్ల ఆర్డరు సైన్యం నుంచి వచ్చిందని పేపర్లో పడితే, మర్నాడు ఫోన్లు: "మనూరి పిస్తోలంట గదా, ఎప్పుడొస్తది దుకాణానికి?" రాదు నాయనా, అది 9 ఎం.ఎం., ఫౌజుది.

ఇట్లా కొత్తది విడుదలైందన్న వార్తకూ మా కౌంటరు మీదికి అది రావడానికీ మధ్య చాలా కాలం గడుస్తుంది. సేటు ఏరికోరి ఒక కొత్త చిన్న పిస్తోలు బుక్ చేశాడు. అడ్వాన్సు కట్టాక పద్నాలుగు నెలలు. మధ్యలో కంపెనీకి ఫోన్ చేస్తే "నెక్స్ట్ లాట్" అనేవాళ్లు. ఏ లాటో, ఎన్ని వస్తాయో చెప్పేవాళ్లు కాదు. లైసెన్సు చేతికొచ్చాక ఆయుధం కొనడానికి గడువుంటుంది. ఆ గడువు మీద పడుతుంటే సేటుకు నిద్ర పట్టేది కాదు. "హవల్దార్ సాబ్, ఏది దొరికితే అది తీస్కుంట" అన్నాడు ఒకరోజు. ఆ మాట అన్నవాడికి ఆ తర్వాత నాణ్యత గురించి అడిగే నోరుండదు. లోపమున్న సరుకు చెల్లుబాటయ్యేది ఇక్కడే.

చివరికి వచ్చింది. పెట్టె తెరిస్తే చూపుకి బాగుంది, చేతిలో ఇమిడింది. నేను లెన్సు పెట్టుకుని చూశాను. పేలిన గుల్లను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం మీద ఆకురాయి పెట్టని బొడిపె. పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడు గాడి ఒక పక్క నున్నగా, ఇంకో పక్క గరుగ్గా. "పోలిష్ చేస్తే పోతది" అన్నాను. పోయింది కూడా. పోనిది వేరే ఉంది.

సేటు శిక్షణ తీసుకున్న చోటే అనుమతి తీసుకుని పది రౌండ్లు కాల్చాడు. మూడో దానికి ఆగింది, మళ్లీ ఏడో దానికి ఆగింది. రెండు మ్యాగజైన్లలోనూ అదే తంతు. సేటు నా బల్ల దగ్గర కూలబడి, "గిదేంది సాబ్, లచ్చలు పెట్టి గొంటిమి, గిట్ల చేస్తె దొంగకు దండం బెట్టి ఆగమనాల్నా?" అన్నాడు.

డమ్మీ రౌండ్లు పెట్టి బల్ల మీద చూశాను. జబ్బు మ్యాగజైన్‌లో ఉంది. పిస్తోలుకు వాడే పాయింట్ 32 ఏ.సి.పి. తూటా బ్రౌనింగ్ రూపొందిస్తే 1899లో వచ్చింది. దాని అడుగు అంచు ఒంటికన్నా వెంట్రుకవాసి బయటికి ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు ఎప్పుడూ కింది తూటా అంచుకు ముందుండాలి. లోపల జాగా కాస్త ఎక్కువైతే తూటాలు ముందుకూ వెనక్కూ జరుగుతాయి. పైదాని అంచు కిందిదాని అంచు వెనక పడిందా, రెండూ కొక్కేలు తగులుకున్నట్టు పట్టుకుంటాయి. ఇక స్లైడు ఎంత నెట్టినా పై తూటా కదలదు, అరచేత్తో కొట్టినా వదలదు. మ్యాగజైన్ ఊడదీసి వేలితో గెలకాల్సిందే. కౌంటరు వెనక చేతులు వణుకుతున్న మనిషికి అంత తీరిక ఎక్కడిది? పైగా పిస్తోలు చిన్నదయ్యేకొద్దీ స్లైడు తేలిక, దాని పోకడ వేగం. మ్యాగజైన్ స్ప్రింగుకు తూటాను పైకి తేవడానికి దొరికే సమయం తక్కువ. పెద్ద పిస్తోలు క్షమించే తప్పును చిన్నది క్షమించదు.

మరి ఇది ఫ్యాక్టరీలో ఎవరికీ కనపడలేదా అని సేటు అడిగాడు. బ్యారెల్ మీద ప్రూఫ్ ముద్ర చూపించాను. మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి ఇచ్చే తూటా కాల్చి, లోహం పగల్లేదని వేసే ముద్ర అది. పిస్తోలు నీ చేతిలో పేలిపోదని చెబుతుంది. ఏడో తూటా సరిగా ఎక్కుతుందని చెప్పదు.

అసలు లెక్క ఎన్ని తూటాలు కాల్చి చూస్తామన్న దగ్గర ఉంది. 2014 జనవరిలోనే, నిర్భీక్ వచ్చిన నెలలోనే, అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ ఆర్51 అనే చిన్న పిస్తోలు ప్రకటించింది. సరిగా పనిచేయడం లేదని కొన్నవాళ్లు గోల పెట్టారు. ఆ ఏడాది జులైలోనే కంపెనీ అన్నీ వెనక్కి తీసుకుని మార్చిస్తామంది. మళ్లీ బజారులోకి వచ్చింది 2016లో. 2018లో సిగ్ సాయర్ పీ365 వచ్చినప్పుడూ అంతే. కొందామంటే దొరికేది కాదు, దొరికినవాళ్లలో కొందరికి తూటాను కొట్టే స్ట్రైకర్ విరిగేది. కంపెనీ భాగాలు మార్చుకుంటూ పోయింది. ఇప్పుడది అక్కడ బాగా అమ్ముడుపోయే వాటిలో ఒకటి. ఆ కంపెనీలు మనవాళ్లకన్నా గొప్పవని కాదు, చేసిన తప్పులు అవే. కానీ అక్కడ కొన్నవాడు నడుముకు కట్టే ముందే రెండు వందల తూటాలు కాల్చి చూస్తాడు. లోపం వారంలో బయటపడుతుంది.

మా సేటు లైసెన్సులో రాసి ఉన్నది ఒకసారికి ఇరవై ఐదు, ఏడాదికి యాభై. అందులో పది కాలిస్తేనే ఇంట్లో వాళ్లు గొణిగారు, దుబారా అని. మిగతావి "అవసరానికి". అంటే అమెరికావాడు మొదటి వారంలో చేసే పరీక్షను ఆయన తన పిస్తోలుకు పూర్తి చేయాలంటే నాలుగేళ్లు పడుతుంది. ఈలోగా లోపం లాకర్లో నిద్రపోతుంది. ఫిర్యాదు రాదు, ఫిర్యాదు రాకపోతే ఫ్యాక్టరీ దృష్టిలో సరుకు మంచిదే. సరూర్‌నగర్ నుంచి అదే మోడల్ ఇంకొకటి ఆయిలింగుకు వచ్చింది. "బాగ పనిచేస్తుందన్నా" అన్నాడు దాని యజమాని. ఎన్ని కాల్చావంటే ఒక్కటీ కాల్చలేదు. దసరాకు ఆయుధపూజ మాత్రం ఘనంగా చేశాడు. స్లైడు గాడిలోంచి పసుపు కుంకుమ బ్రష్‌తో తీయడానికి నాకు అరగంట పట్టింది.

పండగలకు గాల్లోకి కాల్చి పరీక్షించుకుంటామనుకునే వాళ్లుంటే గుర్తుంచుకోండి, 2019 సవరణతో అది రెండేళ్ల దాకా జైలు పడే నేరం. తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచడం నేరం కాదు గానీ ఇనుముకు అంతకన్నా పెద్ద శిక్ష. తోలు చెమ్మ పీలుస్తుంది. వానాకాలం దాటేసరికి బ్యారెల్ మీద తుప్పు చుక్కలు. ఇంకొకటి, పిస్తోలు పాయింట్ 32, రివాల్వరు పాయింట్ 32 ఒకే తూటా కాదు. రివాల్వరుది ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, పొడుగుది. ఏడాదికి ఒక్కరైనా దాన్ని పిస్తోలు మ్యాగజైన్‌లో కుక్కబోయి, ఇరుకుగా ఉందంటూ వస్తారు.

సేటు పిస్తోలు కంపెనీకి పంపించాం. ఆయుధం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోవడమంటే కొరియర్‌లో చీర పంపినట్టు కాదు. కాగితాలకే నెలన్నర పట్టింది. నేను రాసిన చీటీ కూడా జత చేశాను: మ్యాగజైన్ లోపలి కొలత, ఆగిన రౌండ్ల వరుస, ఫొటోలు. ఫౌజులో అలవాటు, ఆయుధాలు దాచే కోత్‌లోకి తిరిగొచ్చిన ప్రతి ఆయుధానికీ జబ్బు రాయందే నిద్రపట్టేది కాదు. ఏడు నెలలకు తిరిగొచ్చింది. మ్యాగజైన్లు మారాయి, లోపల వెనక గోడకు సన్నటి పట్టీ ఒకటి కొత్తగా చేరింది. నా చీటీకి జవాబు రాలేదు. ఆ పట్టీయే జవాబనుకున్నాను. డమ్మీలతో వంద సార్లు తిప్పాను, ఒక్కసారీ ఆగలేదు. సేటు మళ్లీ పది రౌండ్లు కాల్చాడు, పదీ పేలాయి.

ఇప్పుడు కొత్త మోడల్ అడిగే ప్రతి ఒక్కరికీ ఒకటే చెబుతున్నాను. మొదటి లాటు ముట్టకండి. గడువు దగ్గరపడితే పొడిగింపు అడగండి, తొందరపడి అడ్వాన్సు కట్టకండి. కొన్నాక ఏడాది కోటాలో సగమన్నా కాల్చి చూడండి, ఆగితే ఎన్నో రౌండుకు ఆగిందో రాసిపెట్టండి.

సేటు తన పిస్తోలు లాకర్లోనే ఉంచాడు. దుకాణం గుమ్మంలో కర్మన్‌ఘాట్ నుంచి వచ్చే మాజీ నాయక్ ఒకాయన పన్నెండు బోరు డబుల్ బ్యారెల్‌తో నిలబడుతున్నాడు. ఆ తుపాకీ వయసు నలభై ఏళ్లు. పోయిన వారమే శుభ్రం చేసిచ్చాను.