కన్ఫర్మ్ అంటే ఏమిటండీ?

ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు షిఫ్టులు చేసినవాణ్ని. వేళకి చేరడం నాకు ఒంట్లో పట్టిన అలవాటు. 2018 డిసెంబరులో ఆ అలవాటు కూడా నన్ను ఆదుకోలేదు.

బెంగళూరులో మా అమ్మాయికి నెల ముందే నొప్పులు మొదలయ్యాయని పొద్దున్నే అల్లుడు ఫోన్ చేశాడు. సాయంత్రం విమానానికి రెండు టికెట్లు దొరికాయి. ఒక్కోటి ఏడు వేలు. గాజువాక రద్దీకి భయపడి కూర్మన్నపాలెంలో మధ్యాహ్నమే ఆటో ఎక్కాం. కౌంటరు తెరిచేసరికి వరసలో మా ముందు పదిమంది కూడా లేరు.

కుర్రాడు కంప్యూటరు చూసి అన్నాడు, ‘ఫ్లైట్ ఫుల్ సార్. ఒక్క సీటే ఉంది’.

‘కన్ఫర్మ్ టికెట్టు కదా బాబూ!’

‘కన్ఫర్మేనండీ. కానీ మీరు వెబ్ చెక్‌ఇన్ చేసుకోలేదు’.

మా ఆవిడ అంతకుముందు విమానం ఎక్కింది ఒక్కసారే, అదీ నా చెయ్యి పట్టుకుని. తెలుగు తప్ప మరో భాష రాదు. అయినా కూతురి దగ్గర తల్లి ఉండాలి కదా! సంచీ ఆమె చేతికిచ్చి పంపేశాను. కళ్లజోడు ఆ సంచీలోనే ఉండిపోయింది. ‘రేపు పొద్దున్న పంపిస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి’ అంటే పెట్టేశాను. చేతిలో ఓ టిఫిన్ కూపన్ పెట్టారు.

తెల్లవారుజామున ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. మనవడు పుట్టాడు. ఇద్దరూ క్షేమం. సంతోషంతో పాటు గొంతులో ఏదో అడ్డం పడింది. పక్కన చెప్పుకోవడానికి మనిషి లేడు.

నెల తర్వాత అల్లుడు ఆ కాగితం చదివాడు. ‘నా ఇష్టపూర్వకంగా సీటు వదులుకుంటున్నాను’ అని ఉందట! అప్పుడే అసలు నిబంధన చూపించాడు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అదే డీజీసీఏ, 2010లోనే దీనిమీద నిబంధనలు తెచ్చింది. 2016 ఆగస్టు 1 నుంచి పరిహారం పెంచింది. అప్పుడు కేంద్ర మంత్రి మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారే. ఆ లెక్క ప్రకారం, సీటు చాలకపోతే సంస్థ ముందు తమంతట తాము తప్పుకునేవాళ్లను అడగాలి. ఎవరూ రాకపోతేనే ఒకరిని ఆపాలి. గంటలోపు బయల్దేరే వేరే విమానం చూపలేకపోతే డబ్బివ్వాలి. 24 గంటల్లోపు పంపితే మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి రెండింతలు, గరిష్ఠంగా 10,000 రూపాయలు. అది దాటితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000. నా టికెట్టు లెక్కన పది వేలు రావాలి. సంతకంతో అది కాస్తా పోయింది.

విమాన సంస్థల బాధ నాకు తెలియక కాదు. కొందరు టికెట్టు కొని రారు. హార్బర్‌లో మిగిలిన చేపనైతే ఐసులో పెట్టుకోవచ్చు. తలుపు మూశాక ఖాళీ సీటును ఏం చేసుకుంటారు? అందుకే నాలుగు ఎక్కువ అమ్ముతారు. సరే. కానీ మన రైల్వేని చూడండి. వెయిటింగ్ లిస్టంటే వెయిటింగ్ లిస్టనే రాస్తుంది. ఆర్‌ఏసీ అయితే సగం బెర్తేనని ముందే చెబుతుంది. ఒప్పుకునే కొంటాం. విమానం టికెట్టు మీద మాత్రం అందరికీ ఒకటే మాట, ‘కన్ఫర్మ్’.

ఈ దాపరికం మీదే అమెరికాలో రాల్ఫ్ నాడర్ పోరాడారు. 1972లో ఆయన్నీ ఇలాగే విమానం ఎక్కించుకోలేదు. ఎక్కువ అమ్ముతున్న సంగతి దాచడం మోసమని కోర్టుకెక్కారు. ఆ దావా నడవచ్చని 1976లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ముందు ఇష్టపడి తప్పుకునేవాళ్లను అడగాలన్న నిబంధన 1978లో అక్కడ వచ్చింది. అయినా 2017లో షికాగోలో ఎక్కి కూర్చున్న డాక్టరును విమానంలోంచి ఈడ్చేశారు. నిబంధన ఉంటే చాలదు, దాన్ని పట్టించుకునేవాళ్లుండాలి.

ప్రభుత్వం జోక్యం చేసుకోవాలా అంటే, చేసుకుందిగా! పరిహారం ఇవ్వనందుకు 2022 జూన్‌లో డీజీసీఏ ఎయిర్ ఇండియాకు 10 లక్షల జరిమానా కూడా వేసింది. కావలసింది ఇంకొక్క అడుగు. సీటు నిరాకరిస్తే, నీకు రావలసింది ఇదీ అని తెలుగులో రాసిన కాగితం ముందు చేతికివ్వాలి. సంతకం అడగడం ఆ తర్వాతే. అడిగినవాడికే కాదు, అడగడం తెలియనివాడికీ డబ్బు అందాలి.

ఇప్పుడు ఏ ఊరు బయల్దేరినా మా ఆవిడ టికెట్టు గురించి అడగదు. గుమ్మం దగ్గర నిలబడి అడిగేది ఒక్కటే.

‘ఏమండీ, కళ్లజోడు జేబులో పెట్టుకున్నారా?’