పల్నాటి బాటలో... చక్రానికి ఏ పూత మేలు?

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్ల వెళ్లే దారిలో బండికి రెండు పరీక్షలు. ఒకటి సున్నపురాయి దుమ్ము, కంకర. రెండోది ఎండ. మండుటెండలకు పేరుమోసిన రెంటచింతల ఈ దారిలోనే ఉంది మరి! అందుకే చక్రాల రంగు పోయినప్పుడల్లా అదే ప్రశ్న... పెయింటా, పౌడర్ కోటింగా?

పెయింట్ ఖర్చు తక్కువ. రాయి తగిలి పెచ్చు లేచినా ఇంటి దగ్గరే అద్దుకోవచ్చు. కాకపోతే తొందరగా గీతలు పడుతుంది.

పౌడర్ కోటింగ్‌లో విద్యుదావేశంతో పొడిని లోహానికి అంటించి, సుమారు 180-200 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. దాని ముందు రెంటచింతల ఎండ ఏపాటి! పూత గట్టిగా ఉంటుంది. కానీ ముందుగా టైరు, బేరింగులు తీసేయాలి. స్పోకుల చక్రమైతే అన్నీ విప్పి, మళ్లీ బిగించి, వంకర లేకుండా సరిచేయాలి. పూత పెచ్చు లేస్తే అడుగున తుప్పు పాకుతుంది, అతుకు వేయడమూ కష్టమే.

అందుకే అల్లాయ్ చక్రానికి పౌడర్ కోటింగ్, రోజూ పొలం బాట పట్టే స్పోకుల బండికి పెయింట్ నయం. ఏది వేయించినా, పాత రంగు గీకాక చక్రాన్ని ఓసారి నిదానంగా చూడాలి. సన్నటి పగులు కనిపిస్తే చక్రం మార్చాల్సిందే. రంగు పగులును దాస్తుందే తప్ప అతకదు!