జాబితాలో పేర్లు

ప్రతి యేడూ సంక్రాంతి సెలవుల్లో మేము ప్రొద్దుటూరులో ఒకచోట కలుస్తాము. మేమంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల సుగాలి తండాల నుంచి, ఎరుకల, యానాది కాలనీల నుంచి కడపకు పోయి చదువుకున్నవాళ్లము. మాలో పెద్దవాళ్లు చదివిన నాటికి అది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారి పీజీ కేంద్రం. 1977లో మొదలైంది. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. చిన్నవాళ్ల పట్టాల మీద ఆ పేరే ఉంటుంది. ఇంకొందరము కూలికి పోతూ, రాత్రిపూట పుస్తకం పట్టుకొని, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసినవాళ్లము.

పోయినసారి ఒక పని పెట్టుకున్నాము. మనలో చనిపోయినవాళ్ల పేర్లు, మనకు చదువు చెప్పి, అన్నం పెట్టి రిటైరైనవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాసి పెట్టాలని. అరపూట పని అనుకున్నాము. పొద్దుగూకేసరికి పది పేర్లు కూడా కాలేదు.

మొదటి పేరు మీద పేచీ లేదు. కేతు విశ్వనాథరెడ్డి సారు. మన జిల్లా రంగశాయిపురంలో 1939లో పుట్టి, 2023 మే 22న ఒంగోలులో కన్నుమూశారు. కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డైరెక్టరుగా రిటైరయ్యారు. మాలో ఎక్కువమందిమి ఆయన ఎదుట బెంచీ మీద కూర్చోలేదు. అయినా ఆయన మాకు అయ్యవారే. దానికి కారణం కథలకన్నా ముందు ఆయన చేసిన పరిశోధన. కడప జిల్లా ఊర్ల పేర్ల మీద చేసి డాక్టరేటు తీసుకున్నారు. ఊరికి పేరు ఊరికే రాదు, దాని వెనక చెట్టో, చెరువో, మనిషో ఉంటాడని ఆ పుస్తకం చూశాక మా ముసలోళ్లను అడగడం మొదలుపెట్టాము. ఒక తండాకు నాయకుని పేరుంది, కాగితాల్లో మాత్రం పక్క ఊరి పేరే. ఒక కాలనీకైతే ‘ఎస్టీ కాలనీ’ అనే తప్ప పేరే లేదు. పిల్లల్ని బడిలో చేర్చుకునే అయ్యవార్లు ఇది చదువుతుంటే ఒక మాట: ఆ బిడ్డ తండా పేరు ఏమని పిలుస్తారో కూడా అడగండి.

పేరు రాయించుకోవడమంటే మా ఎరుకల తాతలకు మాత్రం వేరే జ్ఞాపకం. నేరస్థ తెగల చట్టం కింద వాళ్ల పేర్లు ఎక్కింది పోలీసు రిజిస్టరులో. పూట పూటకూ హాజరు చెప్పి రావాల్సిన బతుకు. ఆ చట్టం 1952లో పోయింది. భయం అంత తొందరగా పోలేదు. ఎవరైనా బుక్కు తెరిచి పేరు అడిగితే మా అవ్వ ఒకామె కడదాకా లోపలికే పోయేది.

పేచీ వచ్చింది రెండో పేరు దగ్గర. జమ్మలమడుగు వైపు మా సావాసగాడు. పీజీ రెండో యేడు మధ్యలో మానుకొని నాపరాళ్ల గనిలో పనికి పోయినాడు. అక్కడే రాయి పడి చనిపోయినాడు.

‘చదువు ముగించనోడు పూర్వవిద్యార్థి ఎట్లయితాడన్నా?’ అన్నాడు ఒక చిన్నోడు. తప్పుగా అనలేదు, నిజంగానే అడిగినాడు.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత, ఇప్పుడు హైస్కూల్లో తెలుగు చెప్తున్న మావాడు తల ఎత్తకుండానే అన్నాడు: ‘నా పరీక్ష ఫీజు కట్టింది వాడే. గని కూలి దుడ్లతో.’

ఆ సంగతి ఇన్నేండ్లూ మాలో ఎవరికీ తెలియదు. పేరు రాసినాము. దాని కింద, 2021లో కరోనాతో పోయిన పులివెందుల వైపు టీచరమ్మ పేరు రాసినాము.

ఇక అన్నం పెట్టినవాళ్లు. హాస్టల్లో మాకు సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిమిండి నూరి పెట్టిన పెద్దమ్మ. ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరు పండక్కు ఊరికి పోలేదో ఆమెకే తెలిసేది. పెన్ను పట్టుకున్నవాడు అడిగినాడు, ‘పెద్దమ్మ పేరేంది?’ మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాము. ఐదుగురికి ఫోన్లు చేసినాము. అందరూ ‘పెద్దమ్మే కదా’ అన్నవాళ్లే. ఊర్ల పేర్ల గురించి పొద్దున్నుంచి అంత మాట్లాడినవాళ్లము.

మరునాడు ముగ్గురము వెదుక్కుంటూ పోయినాము. ప్రొద్దుటూరులోనే, కూతురి దగ్గర ఉంది. చూపు మందగించింది, గొంతు పట్టి మమ్మల్ని గుర్తుపట్టింది. పేరు అడిగితే నవ్వింది. ‘ఇన్నేండ్లకు గుర్తొచ్చిందా నాయనా?’ అని ఇంటిపేరుతో సహా చెప్పింది. రాసుకున్నాము.

లేచి వస్తుంటే చేయి పట్టుకొని అడిగింది: ‘మీతో పాటు ఇంకొకడు ఉండేవాడే, జమ్మలమడుగోడు. మాడు చెక్క కావాలని పొయ్యి దగ్గరికొచ్చేవాడు. వాడు రాలేదేం?’

ఆమెకు ఎవరమూ చెప్పలేదు. మళ్లీ కూర్చున్నాము. చెప్పినాము. చానాసేపు ఊరుకొని, నోటుబుక్కు వైపు చేయి చాపింది. ‘వాని పేరు రాసినారా? ఏదీ, ఒకసారి చదువు.’