అమ్మ గదిలో చిన్న వెలుగు

ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుకు కలిపిన ఎల్ఈడీ రాత్రి పదకొండింటికి వెలిగింది. ఫోన్‌లో వేలు జరిపితే కాంతి తగ్గింది. మధ్యలో తీగ లేదు, ఉన్నది ఇంటి వైఫై ఒక్కటే.

నిజానికి అది తగ్గడం కాదు. ఎల్ఈడీ సెకనుకు వందల సార్లు ఆరి వెలుగుతుంది. వెలిగి ఉండే క్షణాల పాలు తగ్గితే కంటికి మసకగా తోస్తుంది, అంతే. కాంతి అంకెను 255లో 128 పెడితే సగం వెలుగనుకున్నాను. కంటికి సగం కన్నా చాలా ఎక్కువే కనిపించింది! మసకలో చిన్న తేడానూ పట్టే మన కన్ను, వెలుతురులో దాన్ని వదిలేస్తుంది. అందుకని అంకెలన్నీ వంపుగీత మీద మళ్ళీ సర్దాను. ఆ గంటసేపు ఎంత ఇష్టంగా గడిచిందో.

బోర్డు పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులే, గోడలోని 230 వోల్టుల జోలికి పోలేదు. ఆ దీపాన్ని అమ్మ మంచం పక్కన పెట్టాను. రాత్రి లేచినప్పుడు ఆమె కళ్ళు చెదరకుండా, కాంతిని 12 దగ్గర ఉంచాను.